తలకో డబ్బా

“మూడు డబ్బాల నీళ్ళకి మూడు గంటలేటే తాయారూ? సెరువుని తవ్వుకోని తెస్తన్నావేటి?”

మా ఆయన సూర్యప్రకాష్ ఈ మాటని, డబ్బాల అంకె ఒక్కటే మార్చుకుంటూ, ఇరవై ఎనిమిది ఎండాకాలాలపాటు అన్నారు. వరండాలో వాలుకుర్చీలోంచి లేవకుండా అన్నారు. నేను మోసుకొచ్చిన మొదటి డబ్బాలో చెంబు ముంచుతూ అన్నారు. ఆ చెంబుడూ మొహాన కొట్టుకుంటూ అన్నారు. నేనేమో నీళ్ళు నమిలేదాన్ని. మా దలాలో నీళ్ళు నమలడం కూడా దుబారా కిందే లెక్క కాబట్టి తొందరగానే మింగేసేదాన్ని. రంగూన్ నదికి ఇవతలి ఒడ్డు మాది. పడవెక్కితే పది నిమిషాల్లో పట్నం, పంపు నీళ్ళు. మా వైపు బావి తవ్వితే ఉప్పు, బోరు దింపితే తుప్పు. వానకి నిండిన చెరువొక్కటే తాగడానికి దిక్కు. పొద్దున్నే మగవాళ్ళు పడవెక్కి పట్నంలో పనికి పోయేవారు, మధ్యాహ్నం ఆడవాళ్ళం కావడెత్తుకుని చెరువుకి పోయేవాళ్ళం. నెలాఖరుకి వాళ్ళ కష్టం పండేది, మా భుజం కాయ కాసేది.

అయినా సిగ్గు విడిచి ఒక నిజం చెప్పాలి. ఆ మూడు గంటలంటే నాకు ప్రాణం. ఇరవై నాలుగు గంటల్లో నన్నెవరూ “ఏటే” అని పిలవని గంటలవి. పట్నంలో అహ్లోన్ తెలుగువాడలో పుట్టి పంతొమ్మిదేళ్ళకి దలా కోడలినై వచ్చినప్పుడు ఆ చెరువులో సగం తామరాకులే. చెంపలకి తనకా గంధం పూసుకుని, తలలో పూలు పెట్టుకుని, సినిమాకి పోతున్నట్టు వచ్చేవాళ్ళు బర్మా ఆడవాళ్ళు. నేనూ పూసుకున్నాను. ఇంట్లో బతుకంతా తనఖా పెట్టినదాన్ని, చెంపల మీద కాస్త తనకా ఎక్కువా? క్యూలో డబ్బాలు ముందుకి జరిగేవి, మేం మాత్రం చెట్టు నీడన కూచునేవాళ్ళం. ఎవరి అత్త ఎవరిని ఏమందో, ఎవరి మొగుడు పడవలో ఎవరి పక్కన కూచున్నాడో, అన్నీ ఆ నీడలోనే తేలేవి. నాకు బర్మా భాష వచ్చింది అక్కడే, తాయారునల్లా వాళ్ళ నోట ‘మ తాయా’నయిందీ అక్కడే. ముందు తిట్లు వచ్చాయి, తరవాత వ్యాకరణం.

చెరువు గేటు మూడింటికి తీసేవారు. తలకో డబ్బా నీళ్ళు. జాబితా లేదు, కాగితం లేదు. నీళ్ళ మీదకి ఒక చెక్క వంతెన ఉండేది. దాని మొదటి పలక మీద నిలబడి, తన ఇంట్లో ఎన్ని తలలున్నాయో ప్రతి ఆడదీ పైకి చెప్పాలి. చెప్పినన్ని డబ్బాలు ముంచుకోవాలి. ఎక్కువ చెప్పి ఎవరూ కాజెయ్యలేరు. వెనకాల నలభై మంది ఆడవాళ్ళున్నారు, ఎవరింట్లో ఎవరికి దగ్గొచ్చిందో కూడా తెలిసినవాళ్ళు. అయితే తక్కువ చెప్పడం అంతకన్నా పెద్ద తప్పు. బతికున్న మనిషిని అంకెలోంచి తీసేస్తే చెరువు విని అదే నిజం చేస్తుందని నమ్మకం. ఆ ఇంటి మనిషి పెళ్ళయి వెళ్ళిపోవాలి, లేదా చచ్చిపోవాలి. ఈ రెండూ కాక అంకె తగ్గేది లేదు.

మొదటి రోజు మా అత్త సింహాచలమ్మ నన్ను తీసుకెళ్ళి పలక ఎక్కించింది. మామ యర్రయ్య, అత్త, ఆడపడుచు బేబీ, మా ఆయన, నేను. “ఐదు” అని చెప్పాలి. బర్మాలో ఐదుని ‘ఙా’ అంటారు. మన అక్షరాల్లో ఎవరికీ పనికిరాకుండా పడున్న ఆ ‘ఙ’కి నేను ఉద్యోగం వేయించాను. గట్టిగా అరిచాను. నలభై తలలూ నా వైపు తిరిగి నవ్వాయి. తాళి కట్టినప్పుడు నేనా ఇంటి మనిషినయ్యానని నాకేం తోచలేదు, అప్పుడు పొగ కళ్ళలో పడింది. ఆ పలక మీద మాత్రం అయ్యాను.

“నీళ్ళోసుకున్నావేటే?” అని అత్త నెలనెలా అడిగేది. “పోసుకోడానికి మిగిలితే కదా అత్తా, అన్నీ మీ అబ్బాయే పోసుకుంటున్నారు” అనేదాన్ని, మనసులో. మొదటిసారి నిజంగా నీళ్ళోసుకున్నప్పుడు మాత్రం ఆగలేకపోయాను. మూడో నెలలోనే పలకెక్కి “ఆరు” అన్నాను. కడుపులో బిడ్డకి డబ్బా నీళ్ళెందుకని ఎవరూ అనలేదు. ఇరవై రోజులు ఆరు డబ్బాలు మోశాను. ఇరవై ఒకటో రోజు “ఐదు” అనాల్సొచ్చింది. “దీనికి నోరాగదు. ముందే సెప్పీసి దిష్టి తెచ్చుకుంది” అంది అత్త. మా ఆయన నా పక్కన కూచుని, పాపం కాసేపు కూచునే, “మళ్ళీ అవుద్దిలే, ఏడవకు. నీళ్ళు తెచ్చినావా?” అన్నారు. చెరువు దగ్గర మాత్రం ఓన్ మే అని పక్కింటి ఆవిడ, నాకన్నా ఏడెనిమిదేళ్ళు పెద్ద, నా భుజం మీంచి కావడి తీసేసుకుంది. తొమ్మిది రోజులు మా ఐదు డబ్బాలూ మోసి, తన నాలుగూ తరవాత మోసుకుంది. ఒక్క ఓదార్పు మాట చెప్పలేదు, అందుకే అది ఓదార్పు అయింది. తరవాత మా ఆశ పుట్టి, “ఆరు” అన్నాను. ఈసారి బిడ్డ ఏడుపు నలుగురూ విన్నాకే అన్నాను.

ఆ చెరువు ఎప్పుడు చెడింది? మా ఆయన్నడిగితే నర్గీస్ తుఫాను అంటారు. నన్నడిగితే నా పొయ్యి అంటాను. డెల్టా నుంచి పడవల్లో బొగ్గు బస్తాలు వచ్చేవి. గట్టి బొగ్గు, పొగ తక్కువ, అన్నం తొందరగా ఉడికేది. మడచెట్ల బొగ్గని అమ్మేవాడు గొప్పగా చెప్పేవాడు. సముద్రానికీ మాకూ మధ్య అడ్డంగా నిలబడ్డ అడవి అది. బస్తా బస్తాగా నా పొయ్యిలోకే వచ్చింది. దాని మీద వండిన చారులో ఉప్పు తక్కువైందని మా ఆయన ఎన్నిసార్లు విసుక్కున్నారో! ఆ లోటు సముద్రం తీర్చింది. రెండు వేల ఎనిమిది మే నెలలో ఉప్పునీళ్ళు ఊళ్ళోకొచ్చి చెరువులో కూచున్నాయి. మూడు వానాకాలాలకి గానీ నీళ్ళు పూర్తిగా తియ్యగా మారలేదు. తామరలు మళ్ళీ రాలేదు.

చెరువు మళ్ళీ తెరిచిన రోజు నాకు బాగా గుర్తు. ఒక్కొక్కరే పలకెక్కి అంకె చెప్పాలి. ఏడు చెప్పే ఇల్లు మూడు అంది. ఓన్ మే భర్త, ఇద్దరు కొడుకులు చేపలకని డెల్టాలోకి దిగి తిరిగి రాలేదు. నాలుగు చెప్పే మనిషి. పలక మీద నిలబడి నోరు తెరిచింది, మూసింది. అరగంట పట్టింది ఆమెకి “ఒకటి” అనడానికి. ఆ రోజు క్యూలో ఎవరూ తోసుకోలేదు.

ఆ తరవాత నుంచి వానకి వేళ తప్పింది. వస్తే అన్నీ ఒక్క వారంలో కుమ్మరించి పోయేది, లేకపోతే మబ్బు చూపించి వెక్కిరించేది. పోటు వచ్చినప్పుడల్లా నది ఉప్పు ఇంకాస్త పైకి పాకేది. ఒకప్పుడు ఏప్రిల్ చివర్లో అడుగు కనిపించే చెరువు ఫిబ్రవరికే కనిపించేది. బేబీకి పెళ్ళయింది, మామ పోయాడు, ఆశ పెళ్ళయి నది అవతల పట్నంలో, మింగళ తౌంగ్‌న్యున్‌లో కాపురం పెట్టింది. మా అంకె మూడుకి దిగింది. నీళ్ళు తగ్గాయి, మనుషులు తగ్గారు, మోసే భుజం మాత్రం అదే. మూడు డబ్బాల్లో ఒకటి మా ఆయన స్నానానికి, ఒకటి వంటకీ తాగడానికీ. మూడోదాంట్లో సగం అత్త గడప కడగడానికి. ఉప్పునీళ్ళతో గడప కడిగితే లక్ష్మి నిలబడదట. మిగిలిన సగంతో ఈ లక్ష్మి నిలబడేది.

ఇక రెండు వేల ఇరవై ఒకటి. ఫిబ్రవరిలో సైన్యం గద్దెక్కింది. రాత్రి ఎనిమిదయ్యేసరికి ఊరూరా ఆడవాళ్ళు గిన్నెలు బాదడం మొదలుపెట్టారు. పట్టిన దయ్యాన్ని వదిలించడం అక్కడ అలాగే. నేనూ ఒక గరిటె పట్టుకున్నాను. నా వంటింటి చప్పుడికి ప్రభుత్వం ఉలిక్కిపడటం అదే మొదలు, మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఉలిక్కిపడలేదు. తరవాత పట్నంలో కాల్పులు. ఫోన్లలో ఇంటర్నెట్ పోయింది. కరోనా సరేసరి. పడవలు తగ్గాయి, ఆశ గొంతు వినాలన్నా గగనమైంది. రేవులో గుమాస్తా పని ఆగిపోయి మా ఆయన పూర్తిగా వాలుకుర్చీకి అంకితమయ్యారు. మా వీధికి పదిళ్ళ పెద్దగా ఉన్నాయన ఓ పొద్దున్న ఊరొదిలి వెళ్ళిపోతే, వార్డు ఆఫీసువాళ్ళు మా ఆయన్ని వేశారు. కాదనడానికి ధైర్యం లేక ఒప్పుకున్నారు, ఒప్పుకున్నాక కొంచెం మురిసిపోయారు కూడా. ఇంటి జాబితాలో లేని మనిషి ఎవరు ఎవరింట్లో పడుకున్నా అతిథి కాగితం నింపి పంపాలి. పేరు, వయసు, చుట్టరికం, ఎన్నాళ్ళుంటారు. ఎందుకంటే భద్రత కోసమట. భద్రత కాస్త అరిగితే మిగిలేది భర్తే కదా, ఆ పని ఆయనకి బాగానే నప్పింది.

మార్చి చివర్లో ఓ మధ్యాహ్నం ఓన్ మే పలకెక్కింది. పదేళ్ళకి పైగా “ఒకటి” అన్న మనిషి “రెండు” అంది. నలభై మందిమీ విన్నాం. వెనకాలావిడ తన డబ్బాలు ముందుకి జరిపి, ఎండ ముదిరిందంది. అవునవును, ముదిరిందన్నాం అందరం.

నెలన్నర తరవాత మా ఆయన నాకు టీ పెట్టి ఇచ్చారు.

“ఏటిది?”

“టీ.”

“అది తెలస్తంది. ఎందుకు?”

“కూకో ముందు. తాయారూ, నువ్వు తెలివైనదానివే. సెరువు కాడ ఎవలింటి లెక్కేటో నీకు తెలిసినట్టు ఈ వార్డులో ఎవలికీ తెలీదు.”

ఇరవై ఎనిమిదేళ్ళకి నా చదువుకి పట్టా దొరికింది. తీసుకుందామని చెయ్యి చాపబోయాను కూడా.

“ఆఫీసరు అడుగుతన్నాడు. ఈ మధ్యన ఏ ఇంటి లెక్క పెరిగిందో సెప్పమని. పట్నంలో గొడవలు సేసి పారొచ్చినోళ్ళు ఇక్కడ దాక్కున్నారంట. కాయితం మీద దొరకనోళ్ళు దాహం కాడ దొరుకుతారంటన్నాడు.”

లోపల్నుంచి అత్త అందుకుంది. “సెప్పీవే. ఊరోళ్ళతో మనకేటి? మన గడప మనం కాసుకోవాల.”

“నానేటి సెప్పను? నాకేటీ తెలీదు.”

“ఆళ్ళకై ఆళ్ళు కనిపెడితే పదిళ్ళ పెద్దని నన్ను పట్టుకెల్తారే. తెలిసే దాసినావంటారు. నాకు యాభై నాలుగు. ఆ లాకప్పులో ఒక్క పూటుండగలనేటి?”

ఆయన మీద నాకు జాలేసింది. అబద్ధం ఎందుకు, భయం కూడా వేసింది. ఒక్క పేరు చెబితే మా ఇంటి తలుపు ఎవరూ తట్టరు. రహస్యం చేరవెయ్యడాన్ని మన భాషలో ఉప్పందించడం అంటారు. మా నేల ఉప్పు, చెరువడుగు ఉప్పు, మా చెమట ఉప్పు, ఇంకా నా చేత్తో కూడా అందించాలా? అడవిని నరికి అమ్ముకున్నప్పుడు ఎవరూ కాగితం రాయలేదు. సముద్రం వచ్చి ఇళ్ళల్లో పడుకున్నప్పుడు అతిథి కాగితం ఎవరూ అడగలేదు. చెరువు ఎండి చెంబు నీళ్ళకి వచ్చాక, ఆ చెంబు ఎవరి నోటికి వెళ్తోందో చూడటానికి మాత్రం తుపాకీ వచ్చింది. నీళ్ళు నిండుగా ఉన్న రోజుల్లో ఒక మనిషిని దాచడానికి చెరువే చాలేది. ఇప్పుడు ఒక్క డబ్బా ఎక్కువైతే ఊరంతటికీ కనబడుతోంది. టీ చల్లారిపోయింది. నీళ్ళు వృథా అని తాగేశాను.

మర్నాడు పొద్దున్నే ఓన్ మే ఇంటికి వెళ్ళాను. తెర వెనక ఓ పాతికేళ్ళ పిల్ల నేల మీద కూచుని వెల్లుల్లి ఒలుస్తోంది. బడి పంతులమ్మట, ఓన్ మే చెల్లెలి కూతురు. పిల్లలకి పాఠం మానేసి వీధిలోకి నడిచింది కాబట్టి పేరు సైన్యం వెతికేవాళ్ళ జాబితాకెక్కింది. నన్ను చూసి లేవబోయి, కిటికీ గుర్తొచ్చి మళ్ళీ కూచుంది.

“ఆఫీసరు ఇళ్ళ లెక్కలడుగుతున్నాడు. ఇవాళ ఒకటి అను చాలు,” అన్నాను ఓన్ మేతో. “రెండోది నాదాంట్లోంచి నేను తెచ్చిస్తాను.”

“నీళ్ళు కాదు మ తాయా సంగతి. చచ్చిపోయిన వాళ్ళని తియ్యడానికే నాకు అరగంట పట్టింది. బతికున్నదాన్ని ఎలా తీసెయ్యను?”

“చెరువు వింటుందని ఇంకా నమ్ముతున్నావా?”

“చెరువు కాదు. నేను వింటాను కదా.”

ఆ పిల్ల పక్కన కూచుని రెండు వెల్లుల్లిపాయలు ఒలిచి వచ్చేశాను.

మూడింటికి గేటు తీశారు. మొదటి పలక పక్కన ఆఫీసరు కుర్చీ వేసుకుని కూచున్నాడు, ఒళ్ళో మా వార్డు ఇళ్ళ జాబితాలు. వెనక ఇద్దరు తుపాకులతో. పక్కన మా ఆయన, ఇస్త్రీ చొక్కాలో, చేతిలో అతిథి కాగితాల కట్ట. ఆ చొక్కా ఉతికిన నీళ్ళు నావే. క్యూలో ముందున్న నన్ను ఆఫీసరు పక్కకి పిలిచి నిలబెట్టాడు. “పదిళ్ళ పెద్ద భార్యవట కదా. ఊరికే నిలబడు. తేడా ఉన్న ఇల్లు వచ్చినప్పుడు నా వైపు చూడు, చాలు.”

నేను నీళ్ళ వైపు చూస్తూ నిలబడ్డాను. ఒక్కొక్కరే ఎక్కుతున్నారు. ఐదు. నాలుగు. ఏడు. ఆఫీసరు వేలు జాబితా మీద జరుగుతోంది. ఇరవై ఎనిమిదేళ్ళలో ఆ గట్టు మీద నేను మొదటిసారి ఒంటరిదాన్నయ్యాను. నన్ను దాటి వెళ్తూ ఒక్కొక్కరూ కావడి భుజం మార్చుకుంటున్నారు, నా వైపు ముఖం రాకుండా.

ఓన్ మే ఎక్కింది. నిలబడింది. కళ్ళు మూసుకుంది.

“రెండు.”

ఆఫీసరు వేలు ఆగింది. “ఈ ఇంట్లో ఒక్కరే ఉన్నట్టుంది. రెండో తల ఎవరిది?”

వెనకున్న ఇద్దరూ ఒక అడుగు ముందుకొచ్చారు. నేను నా కావడి పట్టుకునే పలక ఎక్కాను.

“నాది,” అన్నాను. “ఆ రెండో తల నాది. నేను ఆ ఇంట్లోనే ఉంటున్నాను.”

“నువ్వా? ఎప్పట్నుంచి?”

“మార్చి నెల నుంచి. ఇంట్లో నీళ్ళ దగ్గర గొడవైంది.”

ఆఫీసరు మా ఆయన వైపు తిరిగాడు. “నిజమేనా ఊ సూర్యా?” అన్నాడు, అక్కడి ‘గారు’ తగిలించి.

ముందు రాత్రి నేను ఎక్కడ పడుకున్నానో ఆయనకి తెలుసు, నా గురక మీద విసుక్కున్నారు కూడా. ఆయన నన్ను చూశారు. ఓన్ మేని చూశారు. క్యూ మొత్తాన్ని చూశారు. భయమో, నలభై మంది ఆడవాళ్ళ చూపో, ఇంకేదైనానో, నేనెప్పుడూ అడగలేదు.

“అవునండి,” అన్నారు.

ఆఫీసరు పగలబడి నవ్వాడు. తుపాకులవాళ్ళూ నవ్వారు. “ఊళ్ళో దొంగల్ని పట్టిస్తాడనుకుంటే, సొంత పెళ్ళాం పక్కింట్లో కాపురముంటోంది! అతిథి కాగితం కూడా రాయలేదు!” కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగాడు. “అయితే మీ ఇంటి లెక్కెంత ఇప్పుడు? అదీ చెప్పు, దిద్దుకుంటాను.”

అదే నేననుకోనిది. పలక మీదున్నాను. కింద నీళ్ళు మోకాలి లోతు, బురద రంగు. ఒక ఇంట్లో ఆ పిల్ల బతికుండాలంటే ఇంకో ఇంట్లోంచి నేను పోవాలి. చెప్పాక వెనక్కి తీసుకునేది కాదు ఆ అంకె, ఆ చెరువు దగ్గర.

“రెండు,” అన్నాను. “ఆయన, వాళ్ళమ్మ.”

నేను చచ్చిపోలేదు, పెళ్ళి చేసుకుని వెళ్ళిపోనూ లేదు. మూడో రకంగా ఒక ఇంటి అంకె తగ్గడం ఆ చెరువు వినడం అదే మొదలు. నాకు ఏడుపొస్తుందనుకున్నాను. భుజం మీద కాయ దురద పెట్టింది, అంతే.

“రాయి,” అన్నాడు ఆఫీసరు. మా ఆయన మోకాలి మీద కాగితం పెట్టుకుని కలం తీశారు. పేరు రాసుకున్నారు. తరవాత తలెత్తి, “వయసెంత?” అని అడిగారు.

“నలభై ఏడు.”

రాసుకున్నారు. “చుట్టరికం?”

“అక్క,” అంది ఓన్ మే నన్ను చూపిస్తూ. పెద్దది తనే. తొందర్లో పొరబడింది. ఎవరూ దిద్దలేదు.

ఆఖరి గడి దగ్గర ఆయన కలం ఆగింది. ఇంటి భాషలో, నాకొక్కదానికే వినబడేలా అడిగారు. “ఎన్నాళ్ళే?”

ఓన్ మే ఇంటి రెండు డబ్బాలూ ముంచి, కావడికి తగిలించి, భుజానికెత్తుకున్నాను.

“అది ఖాళీగా ఉంచండి,” అన్నాను.